కీటో అనకుండా చెప్పి చూడండి

ప్రశ్న: నా వయసు 36. ఏడు నెలల కిందట బరువు తగ్గాలని చక్కెర, బ్రెడ్డు, పిండితో చేసేవి బాగా తగ్గించాను. వారానికి మూడు రోజులు పిలాటిస్ క్లాసుకి వెళ్తున్నాను. ఆరు కిలోలు తగ్గాను. ఎప్పటినుంచో వేధిస్తున్న నడుంనొప్పి కూడా పోయింది. ఇంతవరకూ బాగానే ఉంది. ఒకరోజు మాటల్లో "కీటో చేస్తున్నా" అని అన్నయ్యతో అన్నాను. అంతే, "కీటోనా? కిడ్నీలు పోతాయి చూసుకో" అన్నాడు. పిలాటిస్ గురించి చెబితే "చాప మీద పడుకుని కాళ్లూపడం కూడా ఎక్సర్‌సైజేనా?" అని నవ్వాడు. అన్నయ్య నాలుగేళ్లుగా క్రాస్‌ఫిట్ చేస్తున్నాడు. నాకూ ఒళ్లు మండి, "మీదంతా ఒక కల్ట్, మోకాళ్లు అరిగిపోయాక తెలుస్తుంది" అనేశాను. మూడు వారాలైంది, మా మధ్య మాటల్లేవు. అసలు ఎవరిది కరెక్టు? అన్నయ్య నోరు మూయించే ఆధారాలేమైనా ఉంటే చెప్పండి.
– ఒక చెల్లెలు

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు పెన్ను పట్టుకుని కీటో, పిలాటిస్, క్రాస్‌ఫిట్, కల్ట్ అనే మాటలు ఎక్కడ కనబడితే అక్కడ కొట్టేశాను. మిగిలింది ఇంతే: మీరు చక్కెర, బ్రెడ్డు తగ్గించారు, వారానికి మూడుసార్లు ఒళ్లు వంచుతున్నారు, ఆరు కిలోలు తగ్గారు, నడుం బాగుంది. మీ అన్నయ్య నాలుగేళ్లుగా మానకుండా వ్యాయామం చేస్తున్నాడు. ఇందులో దెబ్బలాడుకోవడానికి ఏముందో నాకు కనబడలేదు. గొడవంతా కొట్టేసిన ఆ నాలుగు మాటల్లోనే ఉంది.

నోరు మూయించే ఆధారాలు అడిగారు. ఉన్నాయి. కానీ అన్నయ్య నోటితో పాటు మీ నోరూ మూయించేలా ఉన్నాయి, సరేనా?

అన్నిటికంటే ముందు, మీరు చేస్తున్నది కీటో కాదు. కీటో అనాలంటే రోజు మొత్తమ్మీద తినే పిండిపదార్థాలు సుమారు 20 నుంచి 50 గ్రాముల లోపు ఉండాలి. ఓ మాదిరి అరటిపండ్లు రెండు తింటే ఆ రోజు కోటా అయిపోయినట్టే. పిండిపదార్థం అంత తక్కువైనప్పుడు శరీరం కొవ్వును కరిగించి కీటోన్లు తయారు చేసుకుని వాటితో బండి లాగిస్తుంది. పేరు అక్కడి నుంచి వచ్చింది. తూకం, లెక్క ఏమీ లేకుండా "బ్రెడ్డు తగ్గించాను" అనుకునేవాళ్లు ఆ స్థితికి వెళ్లడం చాలా అరుదు. మీ ఉత్తరంలో గ్రాముల మాట ఎక్కడా లేదు.

ఈ పేరు పెట్టింది 1921లో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ అనే డాక్టరు. బరువు కోసం కాదు, మూర్ఛ రోగుల కోసం. కడుపు మాడ్చుకుంటే ఫిట్స్ తగ్గుతున్నాయని అప్పటికే గమనించారు. కానీ ఎన్నాళ్లని మాడ్చగలరు? తిండి పెడుతూనే శరీరం పస్తున్నట్టు ఉండేలా చేయడం ఎలా అన్న ఆలోచనలోంచి పుట్టిందీ పద్ధతి. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఇప్పటికీ డాక్టర్ల కనుసన్నల్లో గ్రాములు తూచి ఇస్తారు. ఆ పిల్లల్లో కొందరికి కిడ్నీలో రాళ్లు రావడం డాక్టర్లకు తెలిసిన విషయమే. అంటే అన్నయ్య ఆ మాట గాల్లోంచి తీయలేదు, ఎక్కడో విని ఉంటాడు. కాకపోతే మీ కంచంలో ఏముందో అతను చూడలేదు. మీరు పేరు చెప్పారు, అతను పేరుకే జవాబిచ్చాడు.

మరి మీరు కీటో అని ఎందుకన్నారు? నా ఊహ చెబుతాను, తప్పయితే క్షమించండి. "బ్రెడ్డు మానేశా" అంటే వినేవాళ్లు ఊ కొట్టి ఫోన్ చూసుకుంటారు. "కీటో చేస్తున్నా" అంటే తలెత్తి చూస్తారు. దాని వెనక ఏదో శాస్త్రం, పట్టుదల ఉన్నట్టు వినబడుతుంది. అందరం చేసే పనే. ఇబ్బందల్లా, పేరుకున్న గ్లామర్ వాడుకుంటే దాని మీద పడ్డ బురద కూడా మనకే అంటుకుంటుంది.

నిజానికి మీరు చేస్తున్న పని చాలా పాతది. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అని అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి ఒకాయన, చక్కెర, బ్రెడ్డు, బంగాళాదుంప, బీరు మానేసి ఎలా సన్నబడ్డాడో చిన్న పుస్తకంగా అచ్చేశాడు. అది ఎంత పాకిందంటే ఆయన ఇంటిపేరు ఇంగ్లిష్‌లో క్రియాపదం అయిపోయింది. "డైటింగ్ చేస్తున్నారా?" అనాల్సిన చోట "బాంటింగ్ చేస్తున్నారా?" అనేవాళ్లు. 1972 తర్వాత దానికి దగ్గరి చుట్టానికే అట్కిన్స్ అని పేరు, ఆ తర్వాత లో-కార్బ్. పిండీ చక్కెరా తగ్గించడమనే మనిషి ఒక్కడే, చొక్కాలే మారుతున్నాయి. ఒక చొక్కా చూసి దండం పెట్టినవాళ్లే ఇంకో చొక్కా చూసి తలుపేసుకుంటున్నారు.

దీన్ని మనుషుల మూర్ఖత్వం కింద కొట్టిపారేయడానికి లేదు. లేబుల్ బుర్రతో ఆగేది కాదు, కడుపు దాకా వెళ్తుంది. 2011లో యేల్ యూనివర్సిటీలో ఆలియా క్రమ్, ఆమె సహచరులు ఒక ప్రయోగం చేశారు. 46 మందికి రెండు వేర్వేరు రోజుల్లో మిల్క్‌షేక్ ఇచ్చారు. ఒక రోజు గ్లాసు మీద "620 క్యాలరీలు, కమ్మదనానికి లోటు లేనిది" అనే ధోరణిలో లేబుల్. ఇంకో రోజు "140 క్యాలరీలు, కొవ్వు లేనిది, ఒంటికి మంచిది" అన్న ధోరణిలో. రెండు రోజులూ ఇచ్చింది ఒకటే షేక్, 380 క్యాలరీలది. రక్తం తీసి గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ చూశారు. కమ్మనిది అనుకుని తాగిన రోజు అది నిట్టనిలువునా పడిపోయింది. ఒంటికి మంచిది అనుకుని తాగిన రోజు పెద్దగా కదల్లేదు. చిన్న ప్రయోగమే, దీని మీద మేడలు కట్టక్కర్లేదు. అయినా "డైట్ ఫుడ్" అన్న చీటీ చదివి తిన్నాక గంటకే మళ్లీ వంటింట్లోకి నడిచిన ప్రతివాళ్లూ ఇది చదివి తలూపుతారు. నేను ఊపాను.

అదే పరిశోధకురాలు అంతకుముందు, 2007లో, ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వ పరిశోధకురాలితో కలిసి హోటల్ గదులు శుభ్రం చేసే 84 మంది ఆడవాళ్లను గమనించింది. రోజంతా దుప్పట్లు మార్చి, బాత్రూములు కడిగే వాళ్లు. "ఎక్సర్‌సైజ్ చేస్తారా?" అంటే చాలామంది లేదన్నారు. కొందరికి మాత్రం "మీ పనే మంచి వ్యాయామం, డాక్టర్లు చెప్పే మోతాదుకు సరిపోతుంది" అని వివరించారు. నాలుగు వారాల తర్వాత చూస్తే ఆ కొందరి బరువు, రక్తపోటు కాస్త తగ్గాయి. తర్వాత వేరేవాళ్లు ఇలాంటిదే చేస్తే ఆ ఫలితం రాలేదు, కాబట్టి మాట చెబితే బరువు దిగుతుందని నేను అనను. నన్ను పట్టుకున్నది ఆ మొదటి జవాబు. ఎనిమిది గంటలు వంగి లేచే మనిషి "నేను ఎక్సర్‌సైజ్ చేయను" అంటోంది. ఎందుకంటే దానికి పేరు లేదు, డ్రెస్సు లేదు, బోర్డు లేదు.

బోర్డు అంటే నా సంగతి గుర్తొచ్చింది. కొన్నేళ్ల కిందట భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవాలంటే ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తుకోవాల్సి వచ్చేది. దగ్గర్లోని జిమ్‌కి వెళ్తే గోడ మీద "సీనియర్లకు తేలికపాటి వ్యాయామం" అని కాగితం అంటించి ఉంది. నాకప్పుడు 48. "ఇంకా అంత వయసు రాలేదులే" అనుకుని వెనక్కొచ్చేశాను. ఆరు నెలల తర్వాత అదే గోడ మీద "మొబిలిటీ క్లాస్" అని చూసి, ఇదేదో కుర్రవాళ్ల వ్యవహారంలా ఉందని అక్కడికక్కడే డబ్బు కట్టేశాను. రెండో రోజు క్లాసు మొదలవడానికి ముందు గోడ దగ్గర నిలబడి చూస్తే, కొత్త కాగితం ఒక మూల టేపు ఊడి ముడుచుకుని ఉంది. దాని కింద పాత కాగితం. "సీని" వరకూ కనబడుతోంది. లోపల అవే కుర్చీలు, అదే టీచర్, భుజాలు తిప్పడానికి అవే కర్రలు. పక్క కుర్చీలో పెద్దాయన "నేను ఏడాది నుంచీ వస్తున్నా, మీరేంటి ఇంత ఆలస్యం?" అన్నాడు. నా భుజం ఆరు నెలలు నొప్పి పడింది ఒక కాగితం ముక్క వల్ల. కాగితానిదేం పాపం, నా వల్లే.

ఇక పిలాటిస్. అన్నయ్య నవ్వుకు కారణం తేలిగ్గానే తెలుస్తోంది. ఆ పేరు వినగానే అతని కళ్ల ముందు మెత్తటి చాప, మెల్లటి పాట, ఆడవాళ్ల క్లాసు కనబడి ఉంటాయి. జోసెఫ్ పిలాటిస్ బాక్సర్ అని అతనికి చెప్పండి. 1883లో జర్మనీలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఇంగ్లండ్‌లో ఉండడంతో శత్రుదేశం వాడని నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడ తోటివాళ్లతో కసరత్తు చేయించాడు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు పిలాటిస్ కాదు, "కంట్రాలజీ". ఒంటిని అదుపులో పెట్టే విద్య అన్నమాట. 1967లో ఆయన పోయాక జనం నోట్లో మనిషి పేరే మిగిలింది. "ఈ పేరు మాది" అని ఒకరు కోర్టుకెక్కితే, ఇది ఫలానా రకం వ్యాయామానికి మామూలు పేరు, ఎవరి సొత్తూ కాదని 2000లో అమెరికా కోర్టు తేల్చింది. కంట్రాలజీ అన్న పేరే ఉండి ఉంటే మీ అన్నయ్య నవ్వేవాడంటారా? కాస్త భయపడేవాడేమో కూడా.

ఇదే పేరును మీకూ వేరే రకంగా అమ్మారు. పిలాటిస్ చేస్తే "సన్నగా పొడుగ్గా ఉండే కండలు" వస్తాయని, బరువులెత్తితే "బండగా" అవుతారని. కండ ఎముకకు ఎక్కడ అతుక్కుంటుందో అక్కడే అతుక్కుంటుంది, క్లాసును బట్టి పొడుగు సాగదు. మీ నడుంనొప్పి పోయిందంటే చాలా సంతోషం. అలాంటి నొప్పికి ఏమీ చేయకపోవడం కంటే పిలాటిస్ మేలని పరిశోధనల్లో కనబడింది. మిగతా వ్యాయామాల కంటే గొప్పదని మాత్రం తేలలేదు. అన్నయ్య నేర్పిందేదైనా అంతే శ్రద్ధగా ఏడు నెలలు చేసి ఉంటే నొప్పి అలాగే పోయి ఉండేదేమో.

క్రాస్‌ఫిట్ మీద మీరన్నది కూడా విప్పి చూద్దాం. ఆ బోర్డు తీసేస్తే లోపల ఉండేది గుంజీలు, బరువు నేల మీంచి ఎత్తడం, బార్ పట్టుకుని పైకి లేవడం, పరుగు, రోయింగ్. ఇవన్నీ ఆ పేరు కంటే ఎన్నో ఏళ్ల పెద్దవి. గ్రెగ్ గ్లాస్‌మన్ ఆ పేరుతో సంస్థ పెట్టింది 2000లో. ఇది మాత్రం సొంత పేరే, వాడుకోవాలంటే జిమ్ వాళ్లు ఏటా రుసుము కట్టాలి. గాయాల మాటకొస్తే, సర్వేల్లో వెయ్యి గంటల సాధనకు రెండు మూడు గాయాల దగ్గర తేలింది. పోటీలకు బరువులెత్తేవాళ్లకీ జిమ్నాస్ట్‌లకీ దాదాపు అంతే ఉంటుంది. అదీ ఎక్కువగా దెబ్బ తినేది భుజం, తర్వాత నడుం. మీరు మోకాళ్లన్నారు. అన్నయ్య కిడ్నీ ఎలాంటిదో మీ మోకాలూ అలాంటిదే, పేరు వినగానే నోటికొచ్చిన అవయవం.

ఎవరిది కరెక్టు అన్నారు కదా. 2018లో అమెరికాలోనే స్టాన్‌ఫర్డ్ వాళ్ల పరిశోధన ఒకటి అచ్చయింది. 609 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపును కొవ్వు తగ్గించమన్నారు, రెండో గుంపును పిండిపదార్థం తగ్గించమన్నారు. రెండు గుంపులకూ చెప్పిన మాట ఒకటుంది: చక్కెర, మైదాలాంటి పాలిష్ పట్టిన పిండి తగ్గించండి, కూరగాయలు బాగా తినండి. ఏడాది తర్వాత సగటున కొవ్వు తగ్గించినవాళ్లు 5.3 కిలోలు, పిండి తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. లెక్కల ప్రకారం అది తేడా కిందకు రాదు. గుంపుల మధ్య ఏమీ లేదు గానీ గుంపు లోపల మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఒకే పేరున్న డైట్ మీద కొందరు 25 కిలోలకు పైగా తగ్గారు, కొందరు పెరిగారు. మీరు ఆరు కిలోలు తగ్గింది ఏ పేరు వల్లా కాదు, ఏడు నెలలు ఆ తిండితో మీరు సర్దుకుపోగలిగారు కాబట్టి.

పేర్లన్నీ దండగ అని నేను అనడం లేదు. 1944లో డొనాల్డ్ వాట్సన్, ఇంకొందరు కలిసి ఇంగ్లిష్‌లో శాకాహారి అనే మాట మొదలూ చివరా కలిపి "వీగన్" అని కొత్త మాట పుట్టించారు. పాలు, గుడ్లు కూడా ముట్టనివాళ్లకు అప్పటిదాకా తమను తాము చెప్పుకోవడానికి ఒక మాట లేదు. ఆ మాట వచ్చాక ఒకళ్లనొకళ్లు వెతుక్కోగలిగారు, ప్యాకెట్ మీద చూసి కొనుక్కోగలిగారు. "నేను రన్నర్‌ని" అనుకోవడం వల్లే చలిలో దుప్పటి తీసి లేచేవాళ్లున్నారు. పేరు అంత పని చేస్తే ఉంచుకోవాలి.

మీ విషయంలో నా భయం వేరు. "నేను కీటో" అనుకునే మనిషి ఒకరోజు పెళ్లిలో మిఠాయి తింటే, మిఠాయి తిన్నట్టు అనిపించదు, వ్రతం చెడినట్టు అనిపిస్తుంది. చెడింది ఎలాగూ చెడిందని వారమంతా తినేస్తారు. "చక్కెర తగ్గించాను" అనుకునే మనిషి మర్నాడు మళ్లీ తగ్గిస్తుంది, అంతే. పైగా పేరును ఒంటికి తొడుక్కున్నాక ఎవరు దాన్ని ఏమన్నా మనల్నే అన్నట్టు ఉంటుంది. మీకు ఒళ్లు మండింది అందుకే కదా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఇద్దరూ వాదించారు. కుందేలు ఎవరి చేతిలోనూ లేదు.

ఇప్పుడు చేయాల్సిన పని. 1988లో లెవిన్, గేత్ అనే ఇద్దరు ఒకే మాంసాన్ని కొందరికి "75 శాతం కొవ్వు లేనిది" అని, కొందరికి "25 శాతం కొవ్వున్నది" అని చెప్పి ఇచ్చారు. మొదటి పేరు విన్నవాళ్లకు అది ఎక్కువ నచ్చింది. కానీ రుచి చూపించాక ఆ తేడా తగ్గింది. పూర్తిగా పోలేదు, తగ్గింది. మీకు కావాల్సింది ఆ రుచి చూపించడమే. వాదనతో అన్నయ్య మారడు, మీరు మారారా? పిలాటిస్‌లో "హండ్రెడ్" మీకు తెలుసు కదా: వెల్లకిలా పడుకుని, తలా భుజాలూ పైకెత్తి, కాళ్లు గాల్లో నిలిపి, ఐదు లెక్కలకు ఊపిరి తీస్తూ ఐదు లెక్కలకు వదులుతూ వందదాకా చేతులు ఆడించడం. అది అతనితో చేయించండి. అరవై దగ్గర మొహం చూడండి. మీరు అతని దగ్గర నేల మీంచి బరువెత్తడం నేర్చుకోండి. నిజంగానే మీకు అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చే పని, దానితో పాటు కనీసం రెండు రోజులు కండలకు బలమిచ్చే వ్యాయామం. అందులో ఏ బ్రాండు పేరూ లేదు. మూడు పిలాటిస్ క్లాసులతో ఆయాసం కోటా నిండుతోందా అన్నది మీరే చూసుకోండి. చురుగ్గా నడిచినా సరిపోతుంది.

ఒక జాగ్రత్త. మీరు షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతుంటే, పిండిపదార్థం బాగా తగ్గించిన సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి, మోతాదు మార్చాల్సి రావచ్చు. కిడ్నీ అనుమానం మనసులో ముల్లులా ఉంటే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. అన్నయ్యతో వాదించడం కంటే తొందరగా తేలుతుంది.

మాటలు మొదలు పెట్టాల్సింది మీరే అంటాను, కోపం తెచ్చుకోకండి. అతను మీరు చేసే పనిని చూసి నవ్వాడు. మీరు "కల్ట్" అని అతను రోజూ కలిసే మనుషులందర్నీ కలిపి అన్నారు. తూకం వేస్తే మీ మాటే కొంచెం బరువు. ఇలాంటిదేదైనా రాసి పంపండి:

"అన్నయ్యా, ఆ రోజు నీ ఫ్రెండ్స్‌ని కూడా కలిపి అనేశాను, సారీ. నేను చేస్తున్నది పెద్ద డైటేం కాదు. చక్కెర, బ్రెడ్డు తగ్గించాను, అంతే. నడుంనొప్పి పోయింది. ఇప్పుడు బరువులెత్తడం నేర్చుకోవాలనుంది, నడుం పట్టకుండా ఎలా వంగాలో ఆదివారం చూపిస్తావా? నేనూ నీకొకటి చూపిస్తాను. వందదాకా లెక్కపెట్టాలి, మధ్యలో ఆపకూడదు."

మీ మాటల్లోకి మార్చుకోండి. పంపే ముందు మాత్రం నేను పెన్నుతో కొట్టేసిన నాలుగు మాటల్లో ఒక్కటైనా మళ్లీ దూరిందేమో చూసుకోండి.